తూకానికి పోతున్న మంగలికత్తి

గోదావరిఖనిలో గానీ, యైటింక్లైన్ కాలనీలో గానీ పాత ఇనుప సామాను కొనే దుకాణం ముందు కాసేపు నిలబడి చూడండి. విరిగిన కుర్చీలు, చిల్లులు పడ్డ బిందెలు, సైకిలు చక్రాల నడుమ ఎప్పుడో ఒకసారి మంగలికత్తి కనిపిస్తుంది. అలుగు నిండా గోధుమరంగు తుప్పు, పిడికి ఒకవైపు చీలిక. కటింగ్ షాపు నడిపిన తాత పోయాక ఇంట్లోవాళ్లు అద్దాలు, కుర్చీతో పాటు దాన్నీ అమ్మేసి ఉంటారు. దుకాణదారు దాన్ని ఇనుము ధరకే తూస్తాడు. వంద గ్రాములు కూడా తూగదు కాబట్టి అమ్మినవాళ్లకు వచ్చేదేమీ ఉండదు.

ఆ కత్తిలో ఉన్నది మామూలు ఇనుము కాదు. సరిగ్గా చూసుకుంటే అది ఇంకో తరానికి గడ్డం గీస్తుంది. దాన్ని గుర్తుపట్టడం, బాగుచేయడం, దాచడం, ఇష్టమైతే వాడడం ఎలాగో చెప్పుకుందాం. ముందుగా అది ఈ బొగ్గుబాయి ఊళ్లలో ఎలా బతికిందో, ఎందుకు మూలకు చేరిందో తెలుసుకోవాలి.

సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు దగ్గర మొదలైంది. రామగుండం వైపు గనులు తెరుచుకున్నది 1960ల ప్రాంతంలో. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం బాయి పనికి వచ్చి స్థిరపడ్డారు. వాళ్లతో పాటే చేతివృత్తులవాళ్లూ వచ్చారు. పల్లెలో నాయీ బ్రాహ్మణుడికి గడ్డానికి ఇంతని రేటు ఉండేది కాదు. పంట చేతికొచ్చాక కళ్లంలో కొలిచిచ్చే గింజలే ఏడాది కూలి. నిజాం కాలపు తెలంగాణలో దొర గడీలో క్షవరం, ఒళ్లు పట్టడం వెట్టి కిందే సాగేవి. బొగ్గుబాయి ఊళ్లో మాత్రం గీసిన ప్రతి గడ్డానికీ చేతిలో డబ్బు పడింది. కళ్లం దగ్గర గింజల కోసం నిలబడిన మనిషి సొంత కుర్చీ వేసుకుని, సొంత అద్దం బిగించుకుని, తలుపు మీద తన బోర్డు పెట్టుకున్నాడు. నా దృష్టిలో సింగరేణి ఊళ్లు తెచ్చిన మార్పుల్లో ఇది చిన్నదేమీ కాదు. యూనియన్ల చరిత్ర రాసినవాళ్లు దీన్ని ఎక్కువగా పట్టించుకోలేదు.

గనిలోకి దిగే మనిషికి గడ్డం అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. తెగిన చర్మంలోకి బొగ్గు ధూళి చేరి, గాయం దాని మీదే మానితే లోపల నీలం మచ్చ ఉండిపోతుంది. ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. పాత కార్మికుల చేతుల మీద, నుదుటి మీద అలాంటి గీతలు కనిపిస్తాయి. అందుకే బాయిలోకి దిగే ముందు గడ్డం దగ్గర కోసుకోవడం మంచిది కాదు. షిఫ్టు దిగి, స్నానం చేసి, మెత్తబడ్డ గడ్డాన్ని గీయించుకోవడమే మేలు. గని ప్రమాదాల్లో లోపలికి వెళ్లే రెస్క్యూ బృందాల సంగతి వేరు. రామగుండం ప్రాంతంలో సింగరేణికి మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది. ముఖమంతా కప్పే మాస్కు అంచు చర్మానికి అతుక్కుని ఉండాలి. మధ్యలో వెంట్రుకలుంటే సందు ఏర్పడి విషవాయువు లోపలికి వస్తుంది. అలాంటి మాస్కు పెట్టుకునేవాడు నున్నగా గీసుకోవడం ప్రాణానికి సంబంధించిన నియమం.

ఇంతగా అవసరపడిన కత్తి ఎందుకు పోయింది? మొదటి దెబ్బ అమెరికా నుంచి వచ్చింది. కింగ్ జిలెట్ కంపెనీ 1903లో పారేసే బ్లేడున్న రేజరును అమ్మడం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం అలాంటి రేజర్లను లక్షల్లో కొన్నది. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు ఇంట్లోనూ వాటినే వాడారు. మన దగ్గర టోపాజ్, పనామా, సెవెనోక్లాక్ బ్లేడ్లు కిరాణా కొట్టుదాకా వచ్చాక చాలామంది గడ్డం ఇంట్లోనే చేసుకోవడం నేర్చుకున్నారు. అయినా షాపులో కత్తి నిలబడింది.

దాన్ని షాపు నుంచి తీసేసింది రోగభయం. మన దేశంలో హెచ్‌ఐవీ 1986లో చెన్నైలో బయటపడింది. తర్వాతి పదిహేనేళ్లలో ప్రతి ఊళ్లో అదే ప్రచారం, కొత్త బ్లేడు వాడించుకొమ్మని. నిజానికి క్షురకత్తి విషయంలో ఎక్కువగా భయపడాల్సింది కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి గురించి. ఆ వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. ఒకే కత్తిని పదిమందికి వాడకూడదన్న మాట నూటికి నూరుపాళ్లు సరైనదే. దాంతో షాపుల్లోకి సగం బ్లేడు పెట్టే హోల్డరు వచ్చింది. చూడ్డానికి పాత కత్తిలాగే మడత పడుతుంది. రెండంచుల బ్లేడును మధ్యకు విరిచి అందులో దూర్చి, గడ్డం అయ్యాక పారేస్తారు. తలనీలాలు తీసే చోటా ఇదే పద్ధతి. తిరుమల కల్యాణకట్టలో భక్తుడికి టోకెనుతో పాటు బ్లేడూ ఇస్తారు.

ఆరోగ్యం దృష్ట్యా ఇది మంచి మార్పు, వెనక్కి తిప్పాల్సిన పని లేదు. కానీ దీనితో పాటు ఒక విద్య పోయింది. సగం బ్లేడును నూరనక్కర్లేదు. నూరడం రాకపోయినా షాపు నడుస్తుంది. నూరడం తెలిసిన తరం ఇప్పుడు డెబ్బైల్లో ఉంది.

ఇప్పుడు ఉక్కు సంగతి. పాత కత్తుల మీద ఆసక్తి ఉన్న తెలంగాణవాడికి ఈ భాగం తప్పక తెలిసి ఉండాలి.

గోదావరిఖని నుంచి నది ఎగువకు వెళ్తే, నదికి దక్షిణాన, నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ చేసిన ఉక్కు ఇరాన్ దాకా వెళ్లేది. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ 1820ల తొలినాళ్లలో అక్కడి కొలుములు చూసి వివరంగా రాశాడు. ఇరాన్ వ్యాపారి స్వయంగా ఆ ఊరికి వచ్చి సరుకు కొనడం కూడా ఆయన కళ్లబడింది. ఆయన పోయిన తర్వాత, 1832లో ఆ రాత అచ్చయింది. పద్ధతి స్థూలంగా ఇది: ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూతి మెత్తి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ క్రమంలో ఇనుములోకి కర్బనం చేరుతుంది. మామూలు ఇనుములో కర్బనం నామమాత్రం. ఈ ఉక్కులో ఒకటిన్నర శాతం దాకా ఉండేది. కర్బనం పెరిగితే ఉక్కు గట్టిపడుతుంది, గట్టి ఉక్కు సన్నటి అంచును నిలుపుకుంటుంది.

ఇలాంటి దక్షిణ భారత ఉక్కును యూరప్ 'వుట్జ్' అని పిలిచింది. 1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ కొన్ని ముద్దల్ని లండన్‌కు, రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మరుసటి ఏడాది జార్జ్ పియర్సన్ వాటి మీద పత్రం చదివాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారు ఆ ఉక్కును సాగగొట్టి చూసి, సన్నపని కత్తులకు దీన్ని మించింది లేదని తేల్చాడు. తర్వాత అతను మైకేల్ ఫారడేతో చేయి కలిపాడు. విద్యుత్తు మీద పనితో ప్రపంచానికి తెలిసిన ఫారడే, అంతకుముందు కొన్నేళ్లు ఈ ఉక్కు రహస్యం వెతుకుతూ గడిపాడు. 1820లో, 1822లో ఇద్దరి పేర్లతో పత్రాలు వచ్చాయి. ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. వెండి అయితే 500 వంతుల ఉక్కుకు ఒక వంతు చాలని చెప్పారు. ఆ ప్రయోగాల ఉక్కుతో చేయించిన క్షురకత్తుల్ని ఫారడే మిత్రులకు బహుమతిగా ఇచ్చాడు.

ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తుల కంపెనీలు ఈ మాటను అందిపుచ్చుకున్నాయి. అందుకే పందొమ్మిదో శతాబ్దపు షెఫీల్డ్ కత్తుల అలుగు మీద 'సిల్వర్ స్టీల్' అన్న అక్షరాలు తరచుగా కనిపిస్తాయి. ఆ అక్షరాలున్న ప్రతి కత్తిలోనూ వెండి ఉందని నమ్మనక్కర్లేదు, అది చాలావరకు అమ్మకానికి వేసిన ముద్ర. కానీ ఆ ముద్ర పుట్టుక వెనుక మన మూసల ఉక్కును అనుకరించాలన్న తపన ఉంది. కోనసముద్రంలో ఇప్పుడు ఆ కొలుములు లేవు. ఆ ఊరి పేరు ప్రతి తెలుగు పాఠ్యపుస్తకంలో ఉండాల్సింది.

మీ చేతికి పాత కత్తి వస్తే మొదట చూడాల్సింది అలుగుకూ, పిడికి బిగించిన కీలుకూ మధ్యనున్న భాగం. దాన్ని ఇక్కడ మెడ అందాం. తయారీదారు పేరు, ఊరు అక్కడే చెక్కి ఉంటాయి. తుప్పు కింద దాగి ఉంటే కొంచెం నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. ఊరు షెఫీల్డ్ అయితే ఇంగ్లండు, సోలింగెన్ అయితే జర్మనీ, ఎస్కిల్‌స్టూనా అయితే స్వీడన్, టియేర్ అయితే ఫ్రాన్స్. నక్షత్రం, పక్కన మాల్టా శిలువ ఉంటే అది షెఫీల్డ్‌లోని జోసెఫ్ రాజర్స్ కంపెనీ గుర్తు. చేతులు కలిపి నిలబడ్డ కవల బొమ్మలుంటే సోలింగెన్‌లోని హెంకెల్స్. అక్కడ ఆ గుర్తు నమోదైంది 1731లో.

కాలం పట్టుకోవడానికీ కొన్ని ఆనవాళ్లున్నాయి. కిరీటంతో వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837-1901 మధ్యది. జి, ఆర్ ఉంటే జార్జి రాజులది. దేశం పేరు ఇంగ్లీషులో స్పష్టంగా కొట్టి ఉంటే సాధారణంగా 1890 తర్వాతది. ఆ ఏడాది అమెరికా తెచ్చిన సుంకం చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలంది. అలుగు ఆకారం కూడా వయసు చెబుతుంది. పాత కత్తుల అలుగు వెన్ను నుంచి అంచుదాకా నిండుగా, క్రమంగా పల్చబడుతూ ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివరికి రెండు పక్కలా లోతుగా అరగదీసి పల్చన చేశారు. వేలితో మెల్లగా మీటితే అలాంటి అలుగు మోగుతుంది. వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. ఎక్కువగా దొరికేవి ఐదు, ఆరు వంతులవి.

వీటిలో ఏ గుర్తూ లేని కత్తులూ ఉంటాయి. పొట్టి అలుగు, వెడల్పు వెన్ను, ఇత్తడి లేదా ఇనుప పిడి. అవి మన కమ్మరుల చేతిపని. అంగడిలో వీటిని చిన్నచూపు చూస్తారు. నేను మాత్రం షెఫీల్డ్ కత్తి కన్నా ముందు వీటినే దాచమంటాను. షెఫీల్డ్ కత్తుల మీద పుస్తకాలున్నాయి, ఈ కత్తుల మీద లేవు.

కొనేటప్పుడు దేన్ని క్షమించవచ్చు, దేన్ని క్షమించకూడదు? పైపైని తుప్పు, మరకలు, పిడి చీలిక, మొద్దుబారిన అంచు, ఇవన్నీ బాగవుతాయి. అంచులో పగులు ఉంటే మాత్రం వద్దు. చిన్న పగులు గీసేటప్పుడు ముక్కై ముఖంలో దిగుతుంది. అంచు మీదే తుప్పు గుంటలు పడి ఉంటే అవి లోపలికి ఎంత దిగాయో పైనుంచి తెలియదు. గుంటలు పోయేదాకా అరగదీస్తే అలుగు మిగలకపోవచ్చు. ఎప్పుడో యంత్రం చక్రం మీద నూరి, అంచు దగ్గర నీలంరంగు తేలిన కత్తినీ వదిలేయండి. ఉక్కు రెండు వందల డిగ్రీలు దాటి వేడెక్కితే గట్టిదనం తగ్గుతూ పోతుంది, ఆ నీలం అదే చెబుతుంది. ఈ కారణంగానే మంచి కత్తిని వీధిలో సాన పట్టేవారి చక్రానికి ఇవ్వకూడదు. అది కూరగాయల కత్తికి, కత్తెరకు సరిపోయే పని.

పిడి విషయంలో చట్టం కూడా గుర్తుంచుకోవాలి. పాత కత్తుల పిడులు కొమ్ము, ఎముక, నల్ల కర్ర, సెల్యులాయిడ్‌తో చేసినవి. కొన్ని ఏనుగు దంతంతో, తాబేటి చిప్పతో చేసినవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం నేరం. దంతపు పిడి ఉన్న కత్తిని ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. వందేళ్లు దాటిన వస్తువును విదేశాలకు పంపే ఆలోచన ఉంటే 1972లోనే వచ్చిన పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది.

బాగుచేయడం ఇలా మొదలుపెట్టండి. సబ్బునీటితో, పాత పళ్లబ్రష్‌తో కీలు సందులు సహా కడిగి వెంటనే తుడవండి. తుప్పుకు నూనె రాసి ఒక రాత్రి ఉంచి, చాలా సన్నటి నీటికాగితంతో వెన్ను నుంచి అంచు వైపు మాత్రమే రుద్దండి. అడ్డంగా రుద్దితే వేళ్లు తెగుతాయి. చెక్కిన అక్షరాల జోలికి పోవద్దు, అద్దంలా మెరిపించాలన్న ఆత్రంలో చరిత్ర చెరిగిపోతుంది. ఆ తర్వాత సర్జికల్ స్పిరిట్‌తో అలుగును, కీలును బాగా తడిపి ఆరనివ్వాలి. స్పిరిట్‌కు నిప్పు దూరంగా ఉంచండి. మరిగే నీళ్లలో వేస్తే సెల్యులాయిడ్ పిడి పాడవుతుంది, బ్లీచింగ్ నీళ్లలో వేస్తే అలుగు తుప్పు పడుతుంది. ఇంత చేశాక కూడా ఆ కత్తి ఒక్కరిదే కావాలి. తండ్రీకొడుకులు కూడా పంచుకోకూడదు.

నూరడం ఈ విద్యకు గుండెకాయ. క్షురకత్తిని రాయి మీద పూర్తిగా పరుస్తారు. వెన్నూ అంచూ రెండూ రాయిని తాకుతాయి. వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి చేత్తో కోణం పట్టాల్సిన పని లేదు. అంచు ముందుకు ఉండేలా తోసి, చివర వెన్ను మీదుగా తిప్పి, వెనక్కి లాగాలి. అంచు మీదుగా తిప్పారా, చేసిన పనంతా పోతుంది. బలం వాడకూడదు, కత్తి బరువుకు వేలి స్పర్శ తోడైతే చాలు. వెయ్యి నంబరు రాయితో రెండు పక్కలా వాలు కలిసేలా చేసి, మూడు నాలుగు వేల నంబరు, ఎనిమిది వేల నంబరు, చివరికి పన్నెండు వేల నంబరు రాయి. వాలు సరిగ్గా పడుతోందా అని చూడడానికి మంచి ఉపాయం ఉంది. అంచు పొడవునా మార్కర్ పెన్నుతో నల్లగా పూసి రాయి మీద ఒకసారి లాగండి. నలుపు ఎక్కడ మిగిలిందో అక్కడ రాయి తగలలేదు. వెన్ను అరగకుండా దాని మీద ఎలక్ట్రీషియన్ల టేపు ఒక పొర అంటిస్తే పాత కత్తి ఆకారం చెడదు.

ప్రతిరోజూ రాయి అక్కర్లేదు. తోలు పట్టీ కావాలి. పాత షాపుల్లో కుర్చీకో గోడ మేకుకో వేలాడేది అదే. కొందరు అరచేతి మీదే రుద్దేవారు, కొత్తవాళ్లు అలా చేయొద్దు. రాయి మీద అంచు ముందు నడిస్తే తోలు మీద వెన్ను ముందు నడుస్తుంది. ఈ తేడా మరిస్తే తోలు తెగుతుంది, అంచు ముడుచుకుంటుంది. గడ్డానికి ముందు ముప్పై నలభై సార్లు తిప్పితే చాలు. ఇలా వాడితే రాయి అవసరం రెండు మూడు నెలలకోసారి వస్తుంది.

వెంట్రుక అంత మెత్తనిదైతే ఉక్కు ఎందుకు మొద్దుబారుతుందని చాలామంది అడుగుతారు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు దీన్ని సూక్ష్మదర్శిని కింద చూసి 2020లో 'సైన్స్' పత్రికలో రాశారు. వాళ్లు చూసింది పారేసే బ్లేడు అంచులు. ఉక్కు వెంట్రుక కన్నా యాభై రెట్లు గట్టిది. అయినా వెంట్రుక ఏటవాలుగా వంగినప్పుడు, అంచులో ఉక్కు నిర్మాణం ఒకే తీరుగా లేని చోట, చిన్న చిన్న పెచ్చులు లేస్తాయి. పాత క్షురకులు ఈ పరిశోధన చదవలేదు, కానీ వేడినీళ్ల గుడ్డ కప్పి, నురగ రుద్ది రుద్ది, వెంట్రుకను నానబెట్టాకే కత్తి తీసేవారు. నానిన వెంట్రుక మెత్తగా తెగుతుంది, అంచుకు దెబ్బ తక్కువ.

ఇక గీసుకోవడం. స్నానం చేశాక మొదలుపెట్టండి. నురగ బాగా పట్టించండి. కత్తిని చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వాలులో పట్టాలి. అంతకన్నా నిటారుగా లేస్తే తెగుతుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకను లాగుతుంది. రెండో చేత్తో చర్మాన్ని బిగించి పట్టాలి. కోతలన్నిటికీ సగం కారణం వదులు చర్మమే. వెంట్రుక పెరిగిన దిశలోనే చిన్న చిన్నగా లాగండి. అంచును ఎప్పుడూ పక్కకు జరపొద్దు. మొదటి కొన్ని వారాలు చెంపలు మాత్రం దీనితో చేసి, గదవ, మీసం కింద, గొంతు మామూలు రేజరుతో పూర్తి చేయండి. చివర చన్నీళ్లు, పటిక. షుగరు ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు. చెయ్యి వణికే రోజున ఎవరూ వెళ్లొద్దు. డ్యూటీకి ముందు కాకుండా తర్వాత గీసుకొమ్మని గనిలో దిగేవాళ్లకు మళ్లీ చెబుతున్నాను.

దాచేటప్పుడు రామగుండం వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ ఎండాకాలం నలభై ఐదు డిగ్రీలకు చేరుతుంది, వానాకాలం గోడలు చెమరుస్తాయి. స్నానాలగదిలో పెట్టొద్దు. పొడిగా తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క పట్టించి, గుడ్డలో చుట్టి బీరువాలో ఉంచండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురు కడుతుంది. సెల్యులాయిడ్ పిడి వేడికి, వయసుకు చెడిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి పక్కనున్న మంచి కత్తులను కూడా తుప్పు పట్టిస్తుంది. కర్పూరం వాసన గుప్పుమన్నా, పిడి దగ్గర అకారణంగా తుప్పు లేచినా ఆ కత్తిని మిగతావాటి నుంచి వేరు చేయండి.

కొత్తగా సేకరించాలనుకునేవాళ్లు హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌కు పరుగెత్తుతారు. వెళ్లండి, తప్పులేదు. కానీ అక్కడ దొరికే కత్తికి ఊరుండదు, మనిషి ఉండడు. మన దగ్గర దొరికే కత్తికి రెండూ ఉన్నాయి. ఏ షాపులోది, ఎవరు వాడారు, ఏ గని కార్మికుల గడ్డాలు గీసింది, తోలు పట్టీ ఎక్కడ కొన్నారు, ఇవన్నీ చెప్పగలిగే మనుషులు ఇంకా ఉన్నారు. ఒంటి కత్తి కన్నా, సానరాయి, తోలు పట్టీ, పటిక గిన్నెతో సహా మొత్తం పొది దొరికితే దాని విలువ ఎన్నో రెట్లు. విడగొట్టి అమ్మకండి, విడగొట్టి కొనకండి.

రాష్ట్ర ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ప్రకటించింది. బతుకుదెరువుకు అది ఆసరా. ఆ వృత్తి పనిముట్లను, విద్యను భద్రపరిచే పని మాత్రం ఎవరూ తలకెత్తుకోలేదు. సింగరేణి తన గని దీపాలను, పాత యంత్రాలను గౌరవంగా ప్రదర్శించుకోవడం న్యాయమే. ఆ కార్మికుల ఊళ్లకు సేవ చేసిన చేతివృత్తులకూ అక్కడ ఒక అర ఉండాలి.

ఈలోగా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. మీ కాలనీలోనో, మంథనిలోనో, పెద్దపల్లిలోనో కత్తి నూరడం తెలిసిన పెద్దాయన ఉంటే వెళ్లి కలవండి. ఉచితంగా చెప్పమని అడగొద్దు. తరాలుగా ఆ వృత్తివాళ్లతో ఉచితంగా చేయించుకున్నది చాలు. ఆయన చెప్పిన కూలి ఇచ్చి, పక్కన కూర్చుని, నూరడం నేర్చుకోండి. ఒప్పుకుంటే ఫోనులో వీడియో తీసి, ఆయన పేరుతోనే దాచండి.